అడుగుకు అంగుళం

కేతేపల్లి,
12 జూన్ 1987

తమ్ముడు ఎల్లస్వామికి,

అక్క నిర్మలమ్మ దీవెనలు. రెండు క్రిస్మసులకు కార్డులు వేశాను. నీ నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఈసారి ఆ కోపం పక్కన పెట్టి రాస్తున్నాను.

ఉగాది పోయిన వారానికి బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నల్గొండ దవాఖానలో పదహారు రోజులు ఉంచి ఇంటికి తెచ్చుకున్నాను. నర్సు పనిలో ఇలాంటి వాళ్లను ఎందరినో చూశాను కానీ, సొంత తండ్రి మూతి ఒక పక్కకు పోయేసరికి నా చేతులు ఆడలేదు. ఇప్పుడు నేను డ్యూటీ మీద ఊళ్లు తిరిగేటప్పుడు పక్కింటి బిక్షమ్మ కూర్చుంటోంది. ఆమె లేకపోతే నా బతుకు ఏమయ్యేదో.

మాట దాదాపు పోయింది. నీళ్లు కావాలన్నా సైగే. ఒక్క మాట మాత్రం మిగిలింది. "బండి" అంటాడు. ఒక్కోసారి "బండి ఒస్తదా?" అని మొత్తం అడుగుతాడు. ఏ బండి బాపూ అంటే ఎడమ చెయ్యి ఎత్తి వాకిలి వైపు చూపిస్తాడు. ఆ వాకిట్లోనే కదా మన కారు ఏళ్ల తరబడి తుప్పు పట్టి, చివరికి పాత ఇనుప సామానోడి పాలైంది. ఎనిమిదేళ్ల కింద చెడిపోయినదాన్ని ఇంకా తలుచుకుంటున్నాడు, పిచ్చి తండ్రి.

నీకు చెప్పకపోతే తప్పు అవుతుందని రాశాను. రావాలనిపిస్తే రా. వానలు లేవు, బావిలో నీళ్లు అడుగంటాయి.

నీ అక్క,
నిర్మలమ్మ


జడ్చర్ల,
28 జూన్ 1987

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. చదివి, ఒక అంబాసిడర్ కింద దూరి గంటసేపు బయటికి రాలేదు. మా చోటే మియా వచ్చి కాలితో తట్టి లేపాడు. నా ఉస్తాదు అతనే, నాకు కార్ల సొట్టలు తీసే టింకరింగ్ పని నేర్పింది అతనే.

రమ్మన్నావు. ఏ మొహం పెట్టుకుని రాను? నువ్వు అప్పుడు ట్రైనింగులో ఉన్నావు, నీకు సగమే తెలుసు. మిషన్ దవాఖాన దొరసానమ్మ తన దేశం పోతూ ఆ ల్యాండ్‌మాస్టర్ కారును బాపుకు ఇచ్చిపోయింది. దానికి వెనక సీటు పీకేసి, నులక మంచం పట్టేలా చేసి, చుట్టుపక్కల ఊళ్ల నొప్పుల మనుషుల్ని నకిరేకల్‌కు చేర్చేవాడు బాపు. దాన్ని నేను అడగకుండా తీసుకుపోయాను, దోస్తు పెళ్లికి నారాయణపేట చీరలు తేవడానికి. వచ్చేటప్పుడు జడ్చర్ల దగ్గర రేడియేటర్‌లో నీళ్లు ఎండిపోయాయి. పొగ వస్తున్నా ఆపలేదు. ఇంజను పట్టేసింది, బ్లాకు పగిలింది. ఆ రోజే మన ఊళ్లో సత్తమ్మకు నొప్పులు వచ్చాయి. కారు లేదు. ఎడ్లబండి మీద తీసుకుపోయేసరికి బిడ్డ దక్కలేదు.

లారీకి కట్టి కారును ఇంటికి తెచ్చినప్పుడు బాపు దాని దిక్కు చూడనే లేదు. నన్ను చూసి అన్నాడు: "బండి పోతే పోయె. గా పసిగుడ్డు పాణం యాడికెల్లి తెస్తవ్? నీ మొకం నాకు సూపియ్యకు." ఆయన చూపించొద్దన్నాడు, నేను చూపించలేదు. ఆ ఒక్క మాటైనా విన్నానని తృప్తి.

కానీ బండి అడుగుతున్నాడని రాశావు. అది మాత్రం నా చేతిలో ఉంది. నిజం కారు తేలేను. రేకుతో చేస్తాను. అడుగుకు అంగుళం లెక్కన, పద్నాలుగు అడుగుల కారు పద్నాలుగు అంగుళాలు. కొత్త కారు కాదు, మన కారు. సొట్టలు, తుప్పు, బాపు చేయించిన పైన క్యారియర్, వేరే కారు నుంచి తెచ్చి వేసిన ఆ ఆకుపచ్చ తలుపు, అన్నీ ఉండాలి. దాన్ని ఆయన ఒళ్లో పెట్టిన రోజు నా మొహం చూపిస్తాను. ఒట్టి చేతులతో మాత్రం రాను.

దొరసానమ్మ తీసిన ఫోటో ఒకటి పెట్టెలో ఉండాలి. పంపు.

నీ తమ్ముడు,
ఎల్లస్వామి


కేతేపల్లి,
15 జూలై 1987

తమ్ముడికి,

నీ ఉత్తరం చూసి ఏడ్చాను, తర్వాత నవ్వుకున్నాను. ముప్ఫై ఏళ్లు దాటినవాడివి, రేకు కారు చేస్తానంటున్నావు. సరే, ఎవరి మొక్కు వాళ్లది.

ఫోటో ఇందులో పెట్టాను. ముందు నుంచి తీసింది. బాపు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, పక్కన నేను రెండు జడలతో ఉన్నాను. జాగ్రత్త, ఉన్నది ఇదొక్కటే. ఆకుపచ్చ తలుపు ఎడమ వైపు వెనకది. ముందు మడ్‌గార్డుకు సొట్ట, నకిరేకల్ సంతలో బర్రె కుమ్మింది. అద్దం మీద సిలువ గుర్తు నేను ఎర్ర రంగుతో వేశాను, సగం చెరిగిపోయి కూడిక గుర్తులా మిగిలింది. ఇంతకంటే నాకు గుర్తు లేదు.

సత్తమ్మ మొన్న వచ్చి బాపును చూసి పోయింది. ఆమెకు తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. నీ సంగతి అడిగింది, మంచిగానే అడిగింది. అందరూ మర్చిపోయారు, నువ్వొక్కడివే పట్టుకుని కూర్చున్నావు.

"తమ్ముడు బండి తెస్తుండు బాపూ" అని చెప్పాను. అంతే, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఇన్ని రోజుల్లో ఆయన ముఖం అంత వెలగడం చూడలేదు. కారు మీద ఇంత ప్రేమ ఉందని నాకు తెలియదు. తొందరగా చెయ్యి.

నీ అక్క


జడ్చర్ల,
20 ఆగస్టు 1987

అక్కకు,

బాపు ఏడ్చాడని రాశావు కదా, అప్పటి నుంచి నిద్ర తక్కువ, పని ఎక్కువ. పగలంతా గిరాకీల కార్లు, సాయంత్రం మన కారు. డాల్డా డబ్బాలు కోసి, సాపు చేసి, సుత్తితో వంపులు తెచ్చాను. ల్యాండ్‌మాస్టర్ నడుము దగ్గర ఒక వంపు ఉంటుంది చూడు, అది రావడానికి మూడు రేకులు పాడయ్యాయి. అతుకులకు సీసం కరిగించి మాటు వేశాను. టైర్లు పాత హవాయి చెప్పులు కోసి చేశాను. హెడ్‌లైట్లకు ఇంజెక్షన్ సీసాల అడుగులు కావాలి, నాలుగు పంపు, రెండు పగులుతాయి. గుడ్డలో చుట్టి పంపకు, దూదిలో పెట్టు.

తుప్పు పట్టించడం అన్నిటికంటే కష్టం. డబ్బా మీది కళాయి గరుకు కాగితంతో గీకి, ఉప్పునీళ్లు చల్లి రేకుల కప్పు మీద పెట్టాలి. రంగు వేసి, ఎండనిచ్చి, మళ్లీ అక్కడక్కడ గీకాలి. చోటే మియా చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అరే పాగల్, దునియా అంత తుప్పు వదిలిపియ్యనీకి మన తానకొస్తది. నువ్వు మంచి రేకుకు తుప్పు పట్టిస్తున్నవా?" అన్నాడు. నిజమే. ఎనిమిదేళ్లుగా సొట్టలు తీసి బతికాను. బర్రె కుమ్మిన సొట్ట పెట్టాలంటే చెయ్యి రాలేదు. మొదటిసారి మరీ అందంగా వచ్చింది, తీసేసి మళ్లీ కొట్టాను.

మన వాకిట్లోని మట్టి పిడికెడు కవర్లో పంపు. ఇక్కడి మట్టి రంగు వేరు. చక్రాల లోపల, తలుపుల సందుల్లో మన ఊరి దుమ్మే ఉండాలి. బాపు అలాంటివి కనిపెడతాడు.

కారు గీసిన కాగితం ఒకటి పెడుతున్నాను. తప్పులుంటే చెప్పు.

ఎల్లస్వామి


కేతేపల్లి,
9 సెప్టెంబర్ 1987

తమ్ముడికి,

సీసాలు, మట్టి పార్సిల్ చేశాను. పోస్టాఫీసు ఆయన మట్టి పొట్లం చూసి మందా అని అడిగాడు, అవునన్నాను.

నీ బొమ్మ గీత చూశాను. ఆకుపచ్చ తలుపు డ్రైవర్‌కు అటు పక్క వేశావేం? డ్రైవర్ వైపు, బాపు వెనకే ఉండేది కదా. నేను ఎడమ అన్నది ఫోటోలో ఎడమ. ఫోటో చేతిలో పెట్టుకుని రాశాను, ఎదురుగా చూస్తే ఎడమే కదా. బండిలో కూర్చున్నవాడి ఎడమ అని నువ్వు అనుకుంటావని నాకేం తెలుసు? తప్పు నాదే అనుకో.

ఇప్పుడది పెద్ద మాట కాదు తమ్మీ. తలుపు ఏ పక్కన ఉంటే ఏమిటి, తెచ్చేయి. బాపు తిండి తగ్గింది. బిక్షమ్మ చెప్తోంది, మధ్యాహ్నం మూడు దాటితే ఇక పడుకోడట, మంచం వాకిలి దిక్కు తిప్పమని గోల చేస్తాడట. నేను వచ్చేసరికి ఆరు అవుతుంది, అప్పటికి అలిసిపోయి గోడ వైపు తిరిగి ఉంటాడు. బండి ఇంకా రాలేదని అలుగుతున్నాడేమో. ఒక బొమ్మ కోసం ఇంత ఆలస్యం వద్దు.

నీ అక్క


జడ్చర్ల,
2 అక్టోబర్ 1987

అక్కకు,

బొమ్మ అన్నావు. పర్వాలేదు.

వైపు మార్చాలంటే రెండు పక్కల రేకూ విప్పాలి, మాటు కరిగించాలి. విప్పాను. కరిగిస్తుంటే పైకప్పు వంకర పోయింది. అది మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను. పైగా ఈ నెల చోటే మియాకు జ్వరం, షెడ్డు పనంతా నా మీదే. చెడిన బండిని బాపు ఏనాడూ రోడ్డు మీదికి తీయలేదు. రాత్రికి రాత్రి కబురు వచ్చినా టైర్లు తట్టి చూసి, నీళ్లు పోసి, అప్పుడే తీసేవాడు. నీళ్లు చూసుకోనివాణ్ణి నేను. ఇప్పుడు కూడా సగం పనితో తెస్తే, వీడు మారలేదు అనుకోడా?

ఎనిమిదేళ్ల తప్పుకు ఎనిమిది వారాలు ఎక్కువ పట్టనీ. నీకు ఇది బొమ్మ. నాకు ఆయన గుమ్మం తొక్కడానికి ఉన్న దారి ఇదొక్కటే.

ఎల్లస్వామి


కేతేపల్లి,
10 నవంబర్ 1987

తమ్ముడికి,

మాట జారాను, మన్నించు. పనిలో ఉన్నవాడిని బొమ్మ అని చిన్నబుచ్చాను.

బాపుకు వీపు మీద పుండ్లు పడ్డాయి. రోజూ కడిగి కడుతున్నాను. గుటక సరిగా దిగడం లేదు. ఇలాంటివాళ్లు ఎన్నాళ్లు ఉంటారో నా పనిలో నాకు తెలుసు, నీకు రాయడానికి చెయ్యి రావడం లేదు. బండి అయితే అయ్యింది, లేకపోతే లేదు, నువ్వు రా. వస్తానని ఒక్క కార్డు ముక్క రాయి.

నిర్మలమ్మ


జడ్చర్ల,
18 నవంబర్ 1987
(పోస్టుకార్డు)

అక్కకు. క్యారియర్ ఒక్కటే మిగిలింది. రంగు ఆరాలి. డిసెంబర్ మొదటి ఆదివారం పొద్దుటి బస్సుకు దిగుతాను. బాపుకు నా పేరు చెప్పకు. బండి వస్తోందని మాత్రం చెప్పు. - ఎల్లస్వామి


కేతేపల్లి,
8 డిసెంబర్ 1987

తమ్ముడు ఎల్లస్వామికి,

ఇదేం పని చేశావు నువ్వు? ఎనిమిదేళ్లకు గుమ్మం దాకా వచ్చి మంచినీళ్లన్నా తాగకుండా వెళ్లిపోయావు. నేను వెనక్కి తిరిగేసరికి వాకిలి ఖాళీ. చర్చి నుంచి వచ్చేవాళ్లు చెప్పారు, నువ్వు ఉరికి ఉరికి పోయి లారీ ఎక్కావని.

నువ్వు గడప బయటే నిలబడి అట్టపెట్టె నా చేతికి ఇచ్చి, ముందు నువ్వు చూపించు, తర్వాత నేను వస్తానన్నావు. నేను విన్నాను. వినకుండా ఉండాల్సింది, చెయ్యి పట్టి లోపలికి లాగాల్సింది. పెట్టె విప్పాను. ఎంత పని చేశావురా. అద్దం మీద నేను వేసిన సిలువ సగం చెరిగి ఉంది. తలుపు సందుల్లో మన మట్టి. వంగి వాసన చూస్తే పెట్రోలు వాసన వచ్చినట్టయింది. తీసి బాపు ఒళ్లో పెట్టి, ఇదిగో బాపూ నీ బండి అన్నాను. ఆయన ఒక చూపు చూసి ఎడమ చేత్తో పక్కకు తోసేశాడు. అది కింద పడి క్యారియర్ ఊడింది, ఒక హెడ్‌లైటు పగిలింది.

తమ్మీ, ఆయన చెయ్యి ఆయన మాట వినదు. గ్లాసు ఇచ్చినా అలాగే తోస్తాడు, సద్ది గిన్నె ఎన్నిసార్లు నా మీద పోశాడో. దాన్ని పట్టుకుని నువ్వు పారిపోతావా? బండి ముక్కలు ఏరి దాచాను. వచ్చి బాగు చెయ్యి. ఆ రోజంతా ఆయన "బండి, బండి" అంటూనే ఉన్నాడు. గొంతు పోయేదాకా అన్నాడు.

వెంటనే రా.

నీ అక్క


జడ్చర్ల,
16 డిసెంబర్ 1987

అక్కకు,

చెయ్యి మాట వినక కాదు. బాపు బండిని గుర్తుపట్టాడు, అందుకే తోశాడు. ఆరు నెలలు తుప్పు పట్టించి, సొట్ట పెట్టి, సరిగ్గా ఆయన మర్చిపోవాలనుకున్నదే తీసుకెళ్లి ఒళ్లో పెట్టాను. అది చూస్తే ఆయనకు కారు కనిపించదు, సత్తమ్మ బిడ్డ కనిపిస్తుంది. ఇంత చిన్న సంగతి నాకు ముందు తట్టలేదు. పుండు మీద కారం చల్లి, మందు వేశాననుకున్నాను.

ముక్కలు దాచకు, పారెయ్యి. నేను రాను. నన్ను రమ్మని ఆయన ఎన్నడూ అనలేదు, నువ్వే అన్నావు. రాయచూరు దిక్కు ఒక లారీల షెడ్డులో పని ఉంది, పోతున్నాను. అడ్రసు కుదిరాక రాస్తాను.

ఆయనకు వేడినీళ్లతో కాళ్లు కాపడం పెట్టు. చలి ఎక్కువగా ఉంది.

ఎల్లస్వామి


కేతేపల్లి,
27 జనవరి 1988

తమ్ముడు ఎల్లస్వామికి,

నీ అడ్రసు రాలేదు కాబట్టి చోటే మియా గారి పేరు మీద పంపుతున్నాను. నీకు ఇప్పించమని ఆయన్ను వేడుకుంటున్నాను.

బాపు ఈ నెల 19న, మంగళవారం, మాపటిపూట పోయాడు. టెలిగ్రాం ఇచ్చాను, మనిషి లేడని తిరిగి వచ్చింది. రెండు రోజులు ఉంచలేకపోయాము. మిషన్ బొందలగడ్డలో అమ్మ పక్కనే పెట్టాము. మట్టి వేయడానికి కొడుకు ఏడి అని ఫాదరు అడిగితే నేనే వేశాను.

ఇప్పుడు రాసేది రాయకుండా ఉండాలని ఐదారు రోజులు చూశాను. దాస్తే నేను బతకలేను. రాస్తే నువ్వు ఏమవుతావో తెలియదు.

మూడో రోజు బిక్షమ్మ నా తల దువ్వుతూ కూర్చుంది. ఉన్నట్టుండి అంది: "నీ తమ్ముడు జర ముందుగాల రాకపాయె బిడ్డా. ముసలాయిన దినాం నాలుగు గొట్టంగనే నల్గొండ బండికి సూసేటోడు. హారన్ ఇనబడితె సాలు, బండి ఒచ్చె, బండి ఒచ్చె అని లేవబోయేటోడు. బండి పోయినంక నా దిక్కు సూసి, దిగిండా అన్నట్టు చెయ్యి తిప్పేటోడు."

నల్గొండ బండి అంది తమ్మీ. బస్సు.

మన ఊళ్లో బస్సును బండి అంటారని నాకు తెలియదా? నేనూ అలాగే అనేదాన్ని. ట్రైనింగు పోయి వచ్చాక బస్సు అనడం మొదలుపెట్టాను, పెద్ద చదువు చదివినదాన్ని కదా. నువ్వూ జడ్చర్లలో కార్ల మధ్య ఉండి బండి అంటే కారే అనుకున్నావు. ఆయనకు నీ పేరు నోట్లోకి రాలేదు. బండి అన్న మాటే వచ్చింది. దాంతోనే నిన్ను అడిగాడు, ఎనిమిది నెలలు. వాకిలి చూపించింది నువ్వు వచ్చే రోడ్డునే. తమ్ముడు బండి తెస్తున్నాడని నేను చెప్పినప్పుడు ఆయన ఏడ్చింది నీ పేరు విని. నేను నాలుగింటికి ఒక్క రోజు ఆయన పక్కన కూర్చున్నా నాకు తెలిసేది. ఊరూరి పిల్లలందరికీ సూదులు వేయడానికి తిరిగాను.

బిక్షమ్మ ఇది చెప్పకపోవడం ఆమె తప్పు కాదు. నాకు తెలుసనుకుంది.

నిన్ను తిట్టడానికి రాయలేదు. నేను కూడా నీతో సమానంగా మోస్తున్నానని చెప్పడానికి రాశాను. నాకు ఇప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు.

నీ అక్క,
నిర్మలమ్మ


రాయచూరు,
21 ఫిబ్రవరి 1988

అక్కకు,

చోటే మియా ఉత్తరం పోస్టులో వేయలేదు. తానే పట్టుకుని వచ్చాడు. టెలిగ్రాం వచ్చి తిరిగి పోయిందని విని ఉన్నాడు, ఎవరో పోయారని కవరు పట్టుకుంటేనే తెలిసిందట. నేను చదివేదాకా పక్కనే కూర్చున్నాడు. రెండు రోజులు ఉండి నాకు అన్నం పెట్టి నిన్న వెళ్లాడు.

నువ్వు సమానంగా మోస్తున్నానన్నావు. సమానం కాదు అక్కా. నీకు తెలియనిది ఒకటి ఉంది, అది చెప్పకుండా నీ ఓదార్పు తీసుకుంటే నాకు పాపం.

ఆ ఆదివారం నువ్వు మంచం మీదికి వంగి, నాకు వీపు పెట్టి ఉన్నావు. నేను గడప అవతల ఉన్నాను. నువ్వు కారు ఒళ్లో పెట్టినప్పుడు ఆయన కారును చూడనే లేదు. నీ భుజం మీది నుంచి చూశాడు. సరిగ్గా నా కళ్లలోకి చూశాడు. కారు మా ఇద్దరి మధ్య అడ్డంగా ఉంది. దాన్ని తోసేశాడు. నువ్వు ముక్కలు ఏరడానికి కిందికి వంగావు. అప్పుడు ఆయన ఎడమ చెయ్యి లేపాడు. అరచెయ్యి కిందికి ఉంది, వేళ్లు ఆడుతున్నాయి. మనవాళ్లు రమ్మన్నా అలాగే ఆడిస్తారు, పొమ్మన్నా అలాగే ఆడిస్తారు. వేళ్లు లోపలికి ముడుచుకుంటే రమ్మని, బయటికి విసిరితే పొమ్మని, అంతే తేడా. ఆయన వేళ్లకు ముడుచుకునే బలం లేదు, విసిరే బలం లేదు. ఊరికే కిందికీ పైకీ ఊగాయి.

ఒక్క అడుగు లోపలికి వేసి ఉంటే తెలిసేది. ఆయన కళ్లు చూసి అప్పుడే సగం తెలిసింది కూడా. కానీ ఎనిమిదేళ్లుగా నాకు తెలిసినది ఆయన పొమ్మన్న మాట ఒక్కటే. దాన్నే నమ్మడం సులువుగా ఉండింది. పొమ్మన్నాడనుకున్నాను, పోయాను. వెనక నుంచి "బండి" అన్న కేక వినబడింది. బండిని తిడుతున్నాడనుకుని ఇంకా తొందరగా నడిచాను.

ఇప్పుడు పని చేస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. నా చెయ్యి ఎత్తి చూసుకుంటున్నాను, అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్లు వదులుగా పెట్టి. ఎన్నిసార్లు చూసినా ఒకలాగే ఉంది. షెడ్డులోవాళ్లు నాకు పిచ్చి అనుకుంటున్నారు.

బాపు నన్ను రమ్మన్నాడు అక్కా. నేను వెళ్లిపోయాను.

నీ తమ్ముడు,
ఎల్లస్వామి